ఇరవై ఏడో అధ్యాయం

బీరువా తలుపు లోపలివైపు ఒక చార్టు అంటించి ఉంది. ముప్పై రెండు గళ్ళు, గడికో అధ్యాయం. అధ్యాయం పూర్తయిన రోజున ఆ గడిని ఎర్ర పెన్సిలుతో కొట్టేయడం అలవాటు. ఇరవై ఆరు గళ్ళు ఎర్రబడ్డాయి. ఇరవై ఏడోది ఐదు వారాలుగా తెల్లమొహం వేసుకుని చూస్తోంది.

ఆ చార్టు గీసుకున్నావిడ కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తుంది. యాభై రెండేళ్ళ మనిషి. పగలంతా దుకాణం వెనకగదిలో అద్దాల అంచులు అరగదీసి ఫ్రేముల్లో కూర్చోబెట్టడం, సాయంత్రానికి ఇల్లు చేరడం, పొద్దున్నే లేచి ఏడున్నర దాకా నవల రాసుకోవడం. పద్దెనిమిదేళ్ళుగా ఇదే వరస. హత్యా, అనుమానితులూ, ఆఖరికి ముడి విప్పడం ఉండే నవలలే రాస్తుంది. నాలుగు పూర్తిచేసింది. ఏ ప్రచురణకర్తా వాటి జోలికి రాలేదు. మూడో రాతప్రతి కూడా తిరుగుటపాలో వచ్చాక ఆమె వాళ్ళ జోలికి పోవడం మానేసి, తనే అచ్చు వేయించుకోవడం మొదలుపెట్టింది. ప్రూఫులు తనే దిద్దుకుంటుంది, పుస్తకాలు తనే కాగితంలో చుట్టి పోస్టాఫీసులో వరసలో నిలబడుతుంది. నాలుగు వందల మంది దాకా పాఠకులున్నారు. నెలకోసారి వాళ్ళకి ఉత్తరం రాస్తుంది. ఈ నెల ఎన్ని అధ్యాయాలయ్యాయి, వచ్చే నెలకి ఎన్ని అనుకుంటున్నాను, ఎక్కడ బండి ఇరుక్కుంది, ఇవీ సంగతులు. అయిదో నవల వానలు వెలిసేలోపు ముగిస్తానని, ఏడాది చివరికల్లా చేతికిస్తానని వాళ్ళకి మాట ఇచ్చింది. ప్రెస్సాయనకి కూడా ఇచ్చింది.

పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా ఆ ఊసెత్తితే, "సంబంధం వచ్చినప్పుడల్లా ఏదో ఒక నవల సగంలో ఉండేది" అంటుంది.

ఇంట్లో ఆమెను పొడుపు అంటారు. చిన్నప్పుడు నోరు తెరిస్తే పొడుపుకథే అడిగేదట. అన్నం ముద్ద నోట్లో పెట్టబోతే, "ఇది విప్పితేనే తింటా" అని మూతి బిగించేదట. ఆ పేరు పెట్టింది అక్క. అక్క ఆరేళ్ళు పెద్ద. నాలుగు వీధుల అవతల ఉంటుంది. ముందుగదిలో కుట్టుమిషను వేసుకుని ఆసుపత్రి నర్సులకు యూనిఫారాలు కుడుతుంది. పొడుపు రాసిన ప్రతి అధ్యాయానికీ మొదటి పాఠకురాలు ఆవిడే. ఆదివారం మధ్యాహ్నం పొడుపు కాగితాలు పట్టుకెళ్తే, అక్క మిషను బల్లమీద పరుచుకుని, చదువుతూ చదువుతూ గుడ్డలమీద గీతలు గీసే సుద్దతోనే కాగితం అంచున గీతలు పెట్టేది. నాలుగు నవలల్లోనూ నేరస్థుడెవరో ఒక్కసారీ పట్టుకోలేకపోయింది. ప్రతిసారీ డాక్టరునే అనుమానించేది.

"డాక్టరే చేశాడు."

"ఇందులో డాక్టరే లేడు కదక్కా."

"అదే నా అనుమానం. ఎందుకు దాచిపెట్టావు ఆయన్ని?"

ఇలా ఉండేది వాళ్ళ వ్యవహారం. అయిదో నవలకి వచ్చేసరికి అది మారిపోయింది.

అయిదో నవలలో ఒక గడియారాల మెకానిక్కు ఉంటాడు. మునిసిపాలిటీ గడియార స్తంభానికి వారానికోసారి కీ ఇవ్వడం ఆయన పని. ఒకరోజు పొద్దున పనిసంచి భుజాన వేసుకుని ఇంట్లోంచి బయలుదేరతాడు. మళ్ళీ రాడు. పోలీసులు చేతులు దులుపుకుంటారు. పోస్టు బట్వాడా చేసి రిటైరైన ఒక పెద్దావిడ, ప్రతి ఇంటి గుట్టూ తెలిసిన మనిషి, ఆయన్ని వెతకడానికి పూనుకుంటుంది.

అక్క మొగుడు లిఫ్టుల మెకానిక్కు. తొమ్మిదేళ్ళ కిందట ఒకరోజు పొద్దున ఎనిమిదింటికి పనిసంచి భుజాన వేసుకుని ఇంట్లోంచి బయలుదేరాడు. మళ్ళీ రాలేదు. మూడో రోజున ఆయన స్కూటరు బస్టాండు పక్కన స్టాండులో కనబడింది. తాళం వేసి, చక్కగా వరసలో నిలబెట్టి ఉంది. అంతకుమించి ఇంకేమీ దొరకలేదు. దానికి నెల ముందు ఆయన బాగుందని సంతకం పెట్టిన లిఫ్టు ఒకటి రెండంతస్తులు జారి, లోపలున్నాయన కాలు పోయింది. తప్పు మెకానిక్కుది కాదని విచారణలో తేలింది. అయినా ఆ నెలంతా ఇంట్లో ఆయన నవ్వు వినబడలేదు. ఆయన వెళ్ళడానికి కారణం అదో, మరొకటో, అసలు ఎటు వెళ్ళాడో ఎవరికీ తెలియదు.

"మెకానిక్కులు లోకంలో ఒకళ్ళా ఇద్దరా" అనుకుంటూ పొడుపు ఆ నవల మొదలుపెట్టింది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టే. నాలుగో అధ్యాయం తీసుకెళ్ళిన ఆదివారం, గడియారాలాయన భార్య ఆయన చొక్కాలు ఉతికి మడతపెట్టే చోట అక్క సుద్దతో అడ్డంగా కొట్టేసింది. పక్కన చిన్న అక్షరాలతో రాసింది. "ఉతకదు. ఉతికితే వాసన పోతుంది."

పొడుపు ఆ కాగితం ఇంటికి తెచ్చుకుని చాలాసేపు చేతిలో పట్టుకుని కూర్చుంది. ఆ తర్వాత వాక్యం మార్చింది. అక్కడే ఆగిపోవాల్సింది. ఆగలేదు. ఎందుకంటే అంత నిజమైన వాక్యం ఆమె జన్మలో రాయలేదు.

అప్పట్నుంచీ అక్క వారం వారం ఎదురుచూడడం మొదలుపెట్టింది. భార్య గుమ్మానికి కొత్త తాళం వేయించదని చెప్పింది, ఆయన దగ్గర పాత తాళంచెవి ఉంది కాబట్టి. ఫోన్ నంబరు మార్చదని చెప్పింది. వీధిలో ఎవరి దగ్గు వినబడినా మిషను ఆపుతుందని చెప్పింది. తొమ్మిదేళ్ళలో ఎవరితోనూ అనని మాటలు ఒక కథలో మనిషి గురించి కాబట్టి అనగలిగింది. మనిషి తేరుకున్నట్టే కనబడింది. రెండు పూటలా తింటోంది. ఒకరోజు అద్దంలో చూసుకుని, "జుట్టు మరీ తెల్లబడిపోయిందే, గుర్తుపట్టాలి కదా" అని నవ్వింది. ఎవరు గుర్తుపట్టాలో అనలేదు.

పొడుపు దగ్గర మొదటి రోజునే వేసుకున్న పథకం ఉంది. ఇరవై ఏడో అధ్యాయంలో పోస్టావిడ గడియార స్తంభం ఎక్కుతుంది. స్తంభం లోపల గడియారం బరువులు దిగే సన్నటి గొయ్యి అడుగున ఆయన శవం దొరుకుతుంది. మిగతా అయిదు అధ్యాయాలూ చంపిందెవరో తేల్చడానికి. కథ మొత్తం ఆ గొయ్యి వైపే నడుస్తూ వచ్చింది. పొద్దున్నే ఆమె బల్ల దగ్గర కూర్చుని "ఇరవై ఏడు" అని అంకె వేసేది. పోస్టావిడను మొదటి మెట్టు ఎక్కించేది. ఏడున్నర కాగానే దించేసి దుకాణానికి వెళ్ళిపోయేది. ఆ నెల ఉత్తరంలో పాఠకులకి "చివరి మలుపులో ఉన్నాను, పని సాగుతోంది" అని రాసింది. అన్నేళ్ళలో వాళ్ళకి అబద్ధం రాయడం అదే మొదలు.

ఒక మంగళవారం మధ్యాహ్నం అక్క కూతురు దుకాణానికి వచ్చింది. రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది, ఇరవై మూడేళ్ళు. తల్లిలా కాదు, మాట కత్తిరించినట్టు ఉంటుంది. వెనకగదిలోకి వచ్చి స్టూలు లాక్కుని కూర్చుంది.

"పిన్నీ, ఒక్క మాట అడుగుతా. ఆ గడియారాలాయన బతికున్నాడా, పోయాడా?"

పొడుపు చేతిలో ఫ్రేమును మెత్తటి గుడ్డతో తుడుస్తూ నీళ్ళు నమిలింది. "కథ పూర్తికాకుండా ఎవరికీ చెప్పనని నీకు తెలుసుగా."

"నాకు చెప్పకు. అమ్మకి చెప్పు. అమ్మ మళ్ళీ స్కూటర్ల స్టాండుకి వెళ్ళింది. అయిదేళ్ళయింది వెళ్ళి. నిన్న వెళ్ళి ఆ టోకెన్లిచ్చే ముసలాయన్ని గంటసేపు నిలబెట్టి అడిగిందట. ఆయన నాకు ఫోన్ చేశాడు."

"ఎందుకు?"

"ఎందుకేంటి పిన్నీ? నీ ఇరవై ఒకటో అధ్యాయంలో స్టాండు కుర్రాడికి ఏదో గుర్తొస్తుంది కదా. ఇంత కాలం తర్వాత. అందుకు."

అరగదీసే యంత్రం పక్కన నీళ్ళు చుక్కచుక్కగా పడుతున్నాయి.

"నాన్న చనిపోయినట్టు ప్రకటించమని కోర్టులో అడగొచ్చు. కాగితాలు నా బ్యాగులో రెండేళ్ళుగా ఉన్నాయి. నాకేదో కావాలని కాదు. అమ్మ రాత్రిపూట గొళ్ళెం పెట్టకుండా పడుకుంటుంది పిన్నీ, ఆయన వస్తే లేపాల్సి వస్తుందని. మొన్న మొన్నటిదాకా సంతకానికి ఒప్పుకునేలాగే ఉంది. ఇప్పుడు 'కొన్నాళ్ళు ఆగు, నవల అవనీ' అంటోంది." ఆ అమ్మాయి లేచి బ్యాగు భుజానికి తగిలించుకుంది. "నువ్వు కావాలని చేశావని అనడం లేదు. కానీ చేశావు."

ఆమె వెళ్ళాక పొడుపు చాలాసేపు పని ముట్టుకోలేదు. తర్వాత బల్ల కింది అరల్లో అట్టడుగుది లాగింది. పాత స్క్రూల డబ్బాల వెనక ఒక గోధుమరంగు కవరు ఉంది. దాన్ని బయటికి తీయలేదు. ఉందో లేదో చూసి అర మూసేసింది.

తొమ్మిదేళ్ళుగా ఆ కవరు సంగతి ఆమెకు తప్ప మరొకరికి తెలియదు. బావ ఆ రోజు పొద్దున ఎనిమిదింటికి ఇంట్లోంచి బయలుదేరి, తొమ్మిదిన్నరకి ఈ దుకాణానికి వచ్చాడు. వారం ముందు కొత్త కళ్ళద్దాలకి ఇచ్చి ఉన్నాడు. ఆమె కవరు చేతికిచ్చింది. ఆయన తీసి చూడకుండానే బల్లమీద పెట్టేశాడు. రెండు మాటలన్నాడు. ఆమె నవ్వింది, ఆయనా కొంచెం నవ్వాడు, వెళ్ళిపోయాడు. సాయంత్రం అక్క ఇంటికి వెళ్ళేసరికి, ఆయన ఆ రోజు పనికే రాలేదని తెలిసి ఇల్లంతా జనం, అక్క ఏడుపు. అప్పుడు చెప్పలేకపోయింది. మర్నాడు చెబుదామనుకుంది. మర్నాడు అక్క, "ఎక్కడో దెబ్బతగిలి పడి ఉంటాడు, మతి తప్పి ఉంటుంది, వస్తాడు" అంటూ ఆ ఆశను పట్టుకుని లేచి నిలబడింది. ఆ ఆశను తన చేత్తో లాగేయలేకపోయింది. వారం గడిచాక, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదన్న ప్రశ్న ఒకటి వచ్చి చేరింది. ఏడాది గడిచాక ఆ ప్రశ్న కొండంత అయింది. నాలుగు నవలల్లో ఎవరెవరి మాటల్లోనో ఆధారాలు దాచి, మళ్ళీ వెలికితీసిన మనిషి, తన ఎదురుగా నిలబడి బావ అన్న మాటను మాత్రం అందుకోలేకపోయింది.

ఆ శనివారం అక్క ఇంట్లో లేదు. అక్క కూతురే కంగారుగా ఫోన్ చేసింది. "అమ్మ పొద్దున్నే ఎటో వెళ్ళింది. ఫోన్ ఎత్తడం లేదు." ఇద్దరూ ఊరంతా కాళ్ళరిగేలా తిరిగారు. ఆసుపత్రి, స్టాండు, పోలీస్ స్టేషన్. సాయంత్రం ఆరింటికి అక్క తనే బస్సు దిగి నడుచుకుంటూ వచ్చింది. చెప్పు ఒకటి తెగిపోయి చేతిలో ఉంది. పాదాలు వాచి ఉన్నాయి.

"ఎక్కడికెళ్ళావమ్మా?"

అక్క పక్క ఊరి పేరు చెప్పింది. రెండు గంటల ప్రయాణం.

"అక్కడ ఎవరున్నారు?"

"లాడ్జీలు." అక్క కుర్చీలో కూర్చుని పాదాలు రుద్దుకుంది. "బస్టాండు దగ్గర పదకొండు లాడ్జీలున్నాయి. అన్నింట్లోనూ అడిగాను. పాత రిజిస్టర్లు ఉంచరట. ఒకాయన మాత్రం ఓపిగ్గా చూశాడు పాపం."

కూతురు పొడుపు వైపు చూసింది. ఇరవై నాలుగో అధ్యాయంలో పోస్టావిడ పక్క ఊరి లాడ్జీలో రిజిస్టరు తిరగేస్తుంది. అందులో గడియారాలాయన చేతిరాత కనబడుతుంది. నిజానికి అది నేరస్థుడు దొంగరాతతో రాసి పెట్టింది. పోస్టావిడనే కాదు, చదివేవాళ్ళనూ దారి తప్పించడానికి పొడుపు వేసిన ఎత్తు అది. చాలా బాగా కుదిరిందని ఆ రోజు తనలో తాను మురిసిపోయింది కూడా.

"అక్కా, అది కథ."

"నాకు తెలుసే. నాకేమన్నా పిచ్చా?" అక్క గొంతు మామూలుగానే ఉంది. "కానీ నువ్వు ఊరికే రాయవు కదా. నీకేదో తెలుసు. నేరుగా చెప్పలేక కథలో పెడుతున్నావు. మొదట్నుంచీ నాకలాగే అనిపిస్తోంది."

నాలుగు నవలల్లో ఒక్క నేరస్థుణ్ణీ పట్టుకోలేని అక్క, ఇవాళ ఎదురుగా కూర్చుని వేలు సరిగ్గా పెట్టాల్సిన చోటే పెట్టింది. వెతకాల్సిన చోటు మాత్రం తప్పింది.

మర్నాడు ఆదివారం. పొడుపు దుకాణం తాళాలు అడిగి తీసుకుని, అర తెరిచి, కవరు చేతిసంచిలో వేసుకుని అక్క ఇంటికి వెళ్ళింది. అక్క వాచిన పాదాన్ని ఎత్తు పీటమీద పెట్టుకుని, ఒంటికాలితో మిషను తొక్కుతోంది. కూతురు డ్యూటీకి వెళ్ళింది.

"కాగితాలు తెచ్చావా?"

"లేదక్కా. మిషను ఆపు."

అక్క ఆపింది. పొడుపు కవరు బల్లమీద పెట్టింది. కవరుమీద దుకాణం చీటీ అంటించి ఉంది. బావ పేరు, అద్దాల నంబరు, ఇచ్చిన తేదీ. అక్క చీటీ చదివింది. తేదీ దగ్గర ఆమె కళ్ళు ఆగిపోయాయి.

"ఆ రోజే," అంది.

"తొమ్మిదిన్నరకి వచ్చాడు."

"నీ దగ్గరికి?"

"నా దగ్గరికే. అద్దాలిచ్చాను. 'నీ దగ్గరే ఉంచు మరదలా, ఇక కొత్తగా చూడాల్సినవేం లేవు' అన్నాడు. నేను వేళాకోళమనుకున్నాను. 'మా అక్క మొహం చూడొద్దా బావా' అన్నాను." పొడుపు కవరుమీదే చూపు ఉంచింది. "'అది అద్దాల్లేకపోయినా కనబడుతుందిలే' అన్నాడు. నవ్వాడు. వెళ్ళిపోయాడు."

అక్క కవరు తెరవలేదు. బల్లమీదున్న దాన్ని తిన్నగా జరిపి, మళ్ళీ జరిపి, గుడ్డ కొలతపెట్టినట్టు అంచుకు సమంగా పెట్టింది.

"తొమ్మిదేళ్ళు," అంది.

"అక్కా..."

"నువ్వాగు. నువ్వు ఆ సాయంత్రం ఈ మాట చెప్పి ఉంటే నేను స్టాండు చుట్టూ తిరిగేదాన్ని కాదు. బస్సు డ్రైవర్ల కాళ్ళు పట్టుకునేదాన్ని కాదు. కాలవలో వెతికించేదాన్ని. రైలు పట్టాలమీద వెతికించేదాన్ని. ఆయన వెళ్ళి అప్పటికి పది గంటలు కూడా కాలేదు. పది గంటలంటే మనిషి ఎక్కడో కూర్చుని ఇంకా ఆలోచించుకుంటూ ఉండొచ్చు." ఆమె గొంతు పెంచలేదు. అదే భరించడం కష్టమైంది. "బతికుండగానే దొరికేవాడేమో. దొరికేవాడు కాదేమో. అది నాకు ఇంక ఎవరు చెబుతారు?"

ఆ ప్రశ్న తొమ్మిదేళ్ళుగా పొడుపు కూడా తనను తాను అడుగుతున్నదే.

"నువ్వు వెళ్ళు," అంది అక్క.

పొడుపు వెళ్ళింది. వీధి మలుపు దాకా వచ్చినా వెనకనుంచి మిషను చప్పుడు మళ్ళీ మొదలుకాలేదు.

రెండు వారాలు అక్క నుంచి ఏ కబురూ లేదు. ప్రెస్సాయన ఫోన్ చేసి, "అమ్మా, మీకోసం ఖాళీ పెట్టిన వారం దాటిపోయింది, వేరేవాళ్ళ పని పెట్టుకోమంటారా?" అన్నాడు. పెట్టుకోమంది. ఆ నెల పాఠకులకి నాలుగే వాక్యాలు రాసింది. కిందటి ఉత్తరంలో పని సాగుతోందని రాశాను, అది అబద్ధం. నవల ఇరవై ఏడో అధ్యాయం దగ్గర ఆగింది. పూర్తిచేసే అర్హత నాకుందో లేదో తెలియడం లేదు. మాట తప్పినందుకు మన్నించండి.

పొద్దున్నే లేవడం మాత్రం మానలేకపోయింది. లేచి, బల్ల దగ్గర కూర్చుని, ఏమీ రాయకుండా టీ తాగి దుకాణానికి వెళ్ళేది. అద్దాలు బిగిస్తూ రెండు ఫ్రేములు విరగ్గొట్టింది. ఒకరోజు యజమాని, "ఒంట్లో బాగోలేకపోతే నాలుగు రోజులు సెలవు పెట్టుకో" అన్నాడు. ఇంట్లో ఒక్కతే కూర్చోవడం కన్నా దుకాణమే నయమనుకుని ఆమె సెలవు పెట్టలేదు.

పదిహేనో రోజున అక్క కూతురు వచ్చింది. ఈసారి స్టూలుమీద కూర్చోలేదు.

"అమ్మ ఇరవై ఏడో అధ్యాయం తెమ్మంటోంది."

"రాయలేదే అమ్మా."

"రాసి తెమ్మంది." ఆ అమ్మాయి గుమ్మం దగ్గర ఆగింది. "నాకు అంతా చెప్పింది. నీమీద కోపం ఎలా తెచ్చుకోవాలో నాకింకా అర్థం కావడం లేదు పిన్నీ. ముందు ఇది కానీ."

పొడుపు మూడు పొద్దుల్లో ఆ అధ్యాయం రాసింది. పోస్టావిడ మెట్లు ఎక్కింది, గొయ్యి అంచున నిలబడింది, టార్చి వేసింది. ఎత్తులూ జిత్తులూ ఏమీ పెట్టలేదు. ఉన్నది ఉన్నట్టు రాసింది. ఆదివారం మధ్యాహ్నం కాగితాలు పట్టుకుని వెళ్తే, ముందుగదిలో మిషను గుడ్డ కప్పి ఉంది. అక్క చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కూతురు గోడకి ఆనుకుని నిలబడి ఉంది.

"నువ్వే చదువు," అంది అక్క.

పొడుపు చదివింది. మధ్యలో రెండుసార్లు ఆగింది. అక్క తొందరపెట్టలేదు. టార్చి వెలుగులో పనిసంచి పట్టీ కనబడే చోట అక్క కళ్ళు మూసుకుంది. అధ్యాయం ముగిసింది.

"ఆ పెళ్ళానికి ఎవరు చెబుతారు?"

"పోస్టావిడే."

"ఎలా చెబుతుంది?"

"అది వచ్చే అధ్యాయంలోనక్కా. ఇంకా రాయలేదు."

"ఇప్పుడు చెప్పు."

పొడుపు కాగితాలు కింద పెట్టింది. పద్దెనిమిదేళ్ళుగా మనుషుల నోళ్ళలో మాటలు పెట్టిన మనిషికి ఒక్క మాట దొరకలేదు. లేచి వెళ్ళి అక్క కాళ్ళ దగ్గర నేలమీద కూర్చుంది. అక్క చేయి పట్టుకుంది. సూది పోట్లతో గరుకెక్కిన వేళ్ళు.

"ఇంక రాడమ్మా," అంది. "వాకిట్లోకి చూడకు. ఇంక రాడు."

అక్క తల ఊపింది. ఒకసారి ఊపి ఆపలేకపోయింది, ఊపుతూనే ఉంది. ఆ తర్వాత ఏడ్చింది. తొమ్మిదేళ్ళ కిందట ఏడ్చిన ఏడుపులో భయం ఉండేది. ఇందులో అది లేదు. మనిషి పోయినప్పుడు ఏడ్చే ఏడుపు ఇది. కూతురు వచ్చి తల్లి భుజాలు పట్టుకుంది. ముగ్గురూ అలాగే ఉండిపోయారు. వీధిలో ఎవరో గట్టిగా దగ్గారు. అక్క తల ఎత్తలేదు.

ఆ వారంలోనే అక్క కూతురితో కలిసి వెళ్ళి కోర్టు కాగితాలమీద సంతకం పెట్టింది. చొక్కాలు తీసి నానబెట్టింది. ఉతికి ఆరేసి, కుట్లు విప్పి, పనికొచ్చిన గుడ్డ వేరుచేసి పెట్టింది. కళ్ళద్దాల కవరు ఏం చేసిందో పొడుపు అడగలేదు.

మిగిలిన అయిదు అధ్యాయాలూ పొడుపు నెలన్నరలో ముగించింది. ప్రెస్సాయన కసురుకుంటూనే ఇంకో వారం ఖాళీ చేశాడు. ఏడాది దాటి రెండు నెలలకు పుస్తకం వచ్చింది. నాలుగు వందల కట్టలు పోస్టులో వెళ్ళాయి. మునుపెన్నడూ రానన్ని ఉత్తరాలొచ్చాయి. ఇదే మీ నవలలన్నింటిలోకీ గొప్పదని చాలామంది రాశారు. గడియారాలాయన భార్య గురించి మీకెలా తెలుసని ఒకావిడ అడిగింది. ఆ ఉత్తరానికి పొడుపు జవాబు రాయలేదు.

అక్క ఆ పుస్తకం చదవలేదు. పొడుపు తీసుకెళ్ళి చేతికిస్తే తీసుకుని, అట్ట చూసి, పక్కన పెట్టింది.

"మళ్ళీ మొదలుపెట్టావా?" అంది.

"ఇంకా లేదు. అనుకుంటున్నాను."

"రాసుకో. నాకు మాత్రం తేకు." అక్క దారం కొరికి తెంపింది. "నీమీద కోపమని కాదు. కోపం ఉంది, అది ఉంటుంది. నాకు ఇంక కథలు పడవు, అంతే. నువ్వు ఊరికే రా. ఆదివారాలు ఖాళీ చేతులతో రా."

పొడుపు అలాగే వెళ్తోంది. మొదట్లో కూర్చున్న చోట ఏం చేయాలో తోచేది కాదు. మాటలు నాలుగు దాటేవి కావు. తర్వాత తర్వాత గుండీలు కుట్టిపెట్టడం, మిగిలిన దారాలు కత్తిరించడం మొదలుపెట్టింది. ఒక ఆదివారం ఆసుపత్రి నుంచి కొత్తరకం గుడ్డ వచ్చింది, ఆకుపచ్చకీ నీలానికీ మధ్య ఏదో రంగు. అక్క దాన్ని వెలుతురులోకి పట్టి చూసింది.

"మీ బావకి ఈ రంగు అస్సలు నచ్చేది కాదు," అంది.

తొమ్మిదేళ్ళూ ఆవిడ 'నచ్చదు' అనే అనేది. పొడుపు తల వంచుకుని, చేతిలో ఉన్న గుండీ కుట్టడానికి దారం ఎక్కించబోయింది. మూడోసారికి గానీ సూదిలోకి దూరలేదు.